కాలేయ వ్యాధిలో కాలి నాడుల పరీక్ష

భోగికి ముందురోజు సాయంత్రం మా పెదనాన్న పొలం నుంచి ఒక్క చెప్పుతో ఇంటికి వచ్చాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది, కుడి కాలికి లేదు. "రెండోదేదయ్యా?" అని పెద్దమ్మ అడిగేదాకా కాలికి చెప్పు లేదన్న సంగతే ఆయనకు తెలియదు. "ఎక్కడ జారిపోనాదో తెలీనేదే" అని తనూ నవ్వేశాడు. నేను టార్చిలైటు పట్టుకుని వెళ్ళి వెదికితే బోదె దాటేచోట బురదలో దొరికింది. అక్కడి నుంచి మా ఇల్లు అర కిలోమీటరు పైనే ఉంటుంది. అంత దూరం ఒక కాలు చెప్పుతో, ఒక కాలు వట్టిగా, గులకరాళ్ళ దారిలో నడిచిన మనిషికి తేడా తెలియలేదన్నమాట. వయసు మీద పడుతోందని అందరం నవ్వుకున్నాం. నవ్విన వాళ్ళలో జంతుశాస్త్రం చదువుతున్న నేనూ ఉన్నాను.

మర్నాడు తెల్లవారుజామున భోగిమంట దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. మంట పక్కన నిలబడ్డ పెదనాన్న కాలి కింద నిప్పుకణిక పడి ఉంది. వాసన వచ్చి మా చెల్లెలు అరిస్తే గాని ఆయన కాలు తీయలేదు. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత మేర కాలింది. "నొప్పిగా లేదా?" అంటే "నేదురా, కాస్త వెచ్చగా ఉన్నట్టుంది" అన్నాడు.

పెదనాన్నకు అప్పటికి రెండేళ్ళుగా కాలేయం జబ్బు ఉంది. పచ్చకామెర్లు వచ్చి, కడుపులో నీరు చేరి, పట్నం తీసుకెళ్తే హెపటైటిస్-బి వైరస్ వల్ల కాలేయం గట్టిపడిపోయిందనీ, దాన్ని సిర్రోసిస్ అంటారనీ చెప్పారు. ఆయన జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు. అయినా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, "తాగకపోతే కడుపు ఎందుకుబ్బుద్ది?" అన్నారు. ఆస్పత్రిలో కూడా వెళ్ళిన ప్రతిసారీ మొదటి ప్రశ్న "ఎంత తాగుతావు?" అనే. ఇక కాలు కాలినా తెలియలేదన్న మాట బయటికి పొక్కాక కొత్త అనుమానం పుట్టింది: పెద్దరోగమేమో అని. మా పెద్దమ్మ వారం రోజులు నూతి దగ్గరకు నీళ్ళకు వెళ్ళలేదు.

ఈ రెండేళ్ళలో ఆయన్ని చూసిన వైద్యులు కళ్ళు లాగి చూశారు, కడుపు తట్టి చూశారు, స్కానింగు తీశారు, రక్తం పరీక్షించారు. కాళ్ళూ చూశారు, కాదనను. చీలమండ దగ్గర వేలితో నొక్కి వాపు ఉందో లేదో చూశారు. స్పర్శ ఉందో లేదో మాత్రం ఎవరూ చూడలేదు. కాలిన పుండు చూపించడానికి వెళ్ళినప్పుడు పి.జి. చదువుతున్న ఒక డాక్టరమ్మ తన కోటు జేబులో నుంచి ఒక శ్రుతిదండం తీసింది. ఇంటర్‌లో అనునాద గొట్టం ప్రయోగానికి మనం అరచేతి రబ్బరు మీద కొట్టి పట్టుకునే శ్రుతిదండమే! దాన్ని ఆస్పత్రిలో చూసి నేను ఆశ్చర్యపోయాను. ఆమె దాన్ని మోగించి పెదనాన్న బొటనవేలి ఎముక మీద ఆనించింది. "కళ్ళు మూసుకోండి పెద్దాయనా. గుంయ్‌మని అదురుతోందా? ఆగిపోగానే చెప్పండి" అంది. పెదనాన్న, "ఇంతకీ ఎప్పుడు పెడతావమ్మా?" అన్నాడు. దండం అప్పటికే అదురుతోంది.

ఆ రోజు ఆమె చెప్పిందీ, తర్వాత నేను లైబ్రరీలో చదువుకున్నదీ, తప్పు రాసినచోట మా లెక్చరర్లు దిద్దిందీ కలిపితే ఈ వ్యాసం. రాసింది బి.ఎస్సీ. విద్యార్థి గాని వైద్యుడు కాదని పాఠకమిత్రులు గుర్తుంచుకోవాలి.

మెదడు, వెన్నుపాము కేంద్ర నాడీవ్యవస్థ. అక్కడి నుంచి చర్మానికి, కండరాలకు, లోపలి అవయవాలకు పోయే తీగలు పరిధీయ నాడులు. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నవే. పుస్తకంలో చదివినా మనసుకెక్కనిది వీటి పొడవు. కాలి బొటనవేలి స్పర్శను మోసే నాడీకణం శరీరం నడుము దగ్గర, వెన్నుపాము పక్కనున్న నాడీసంధిలో ఉంటుంది. దాని తోక మాత్రం వేలి చివరిదాకా, అంటే సుమారు ఒక మీటరు దూరం సాగుతుంది. కంటికి కనిపించని కణానికి మీటరు పొడవు తోక! ఆ తోకకు కావలసిన మాంసకృత్తులు చాలావరకు కణశరీరంలోనే తయారై, తోక లోపలి మార్గంలో చివరికి చేరాలి. ఈ సరఫరాలో వేగంగా పోయేది రోజుకు 400 మిల్లీమీటర్ల దాకా పోతుంది. నెమ్మదిగా పోయేది రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లే. రోజుకు ఒక మిల్లీమీటరు లెక్కన మీటరు దూరానికి 1000 రోజులు పడుతుంది.

మా ఊరు కాలువకు శివారు. కాలువలో నీరు నిండుగా ఉన్న ఏడు మాకూ అందుతుంది. నీరు తగ్గిన ఏడు ఎగువ మళ్ళు పచ్చగానే ఉంటాయి. ముందు ఎండేది శివారు భూమే. నాడుల సంగతీ అంతే. శరీరమంతటికీ ఒకే లోటు వచ్చినా, ఒకే విషం సోకినా, ముందు దెబ్బతినేది అన్నిటికన్నా పొడుగాటి నాడి చివర. అందుకే ఈ జబ్బు రెండు కాళ్ళ వేళ్ళలో ఒకేసారి మొదలై, పాదం, చీలమండ మీదుగా పైకి ఎక్కుతుంది. మోకాలి దాకా వచ్చేసరికి, అంటే ఇంచుమించు అంతే పొడవున్న నాడులు దెబ్బతినే వేళకు, చేతివేళ్ళలోనూ మొదలవుతుంది. మేజోళ్ళు, చేతితొడుగులు తొడుక్కున్న మేర మొద్దుబారినట్టు ఉంటుందని వైద్యులు వర్ణిస్తారు. మొదట అందరికీ మొద్దుబారడమే ఉండదు. కొందరికి తిమ్మిరి, కొందరికి చీమలు పాకినట్టు, కొందరికి రాత్రిపూట అరికాళ్ళ మంటలు. దూది మీద నడుస్తున్నట్టుందనే వాళ్ళూ ఉన్నారు. మంట పెట్టేవాడు ఎలాగూ చెప్పుకుంటాడు. మా పెదనాన్న లాగా నిశ్శబ్దంగా స్పర్శ పోయేవాడితోనే చిక్కు.

కాలేయం చెడితే కాలి నాడులెందుకు చెడాలి? దీనికి ఒక్క జవాబు లేదు. కాలేయం చేసే పనులు ఒకటి కావు గనక అది చెడినప్పుడు కలిగే నష్టమూ ఒక దారిన రాదు. రక్తంలోని విషపదార్థాలను విరిచే పని సరిగా సాగదు. విటమిన్ల నిల్వ తగ్గుతుంది. పైత్యరసం పేగులోకి సరిగా రాకపోతే కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటబట్టవు. పైత్యరస మార్గాలు మూసుకుపోయిన పిల్లల్లో ఏళ్ళ తరబడి విటమిన్-ఇ అందక కాళ్ళలో ప్రతీకార చర్యలు పోవడం, నడక తడబడడం బాగా తెలిసిన విషయం. హెపటైటిస్-సి వైరస్ ఉన్న కొందరి రక్తంలో చల్లదనానికి గడ్డకట్టే ప్రత్యేక మాంసకృత్తులు ఏర్పడి, నాడులకు రక్తం ఇచ్చే సన్నటి నాళాలను పాడుచేస్తాయి. సిర్రోసిస్ ఉన్నవారిలో చాలామందికి చక్కెర వ్యాధి కూడా తోడవుతుంది. అది నాడులకు ఎంత శత్రువో చెప్పనక్కర్లేదు. మద్యం సంగతి వేరు. అది కాలేయాన్నీ నాడినీ రెండిటినీ విడివిడిగా కూడా కొట్టగలదు.

మద్యం తాగేవారిలో బి1 విటమిన్ లోపం కూడా కలుస్తుంది. బి1 లోపం వల్ల వచ్చే బెరిబెరి మా ఉత్తరాంధ్రకు కొత్తది కాదు. 1835లోనే మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు ఉత్తర సర్కారులలో కనిపించే బెరిబెరి గురించి మద్రాసులో పుస్తకం అచ్చువేశాడు. తర్వాత 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లగా మరపట్టిన బియ్యం తిన్న కోళ్ళ కాళ్ళు పడిపోవడం, తవుడు పెడితే లేవడం గమనించాడు. మిల్లు నుంచి తవుడు గేదెలకు తెచ్చి, తెల్లన్నం మనం తినే ఇంటివాణ్ణి గనక ఆ కోళ్ళ కథ చదివినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది.

అయితే తాగుడు వల్ల వచ్చిన సిర్రోసిస్‌లో మాత్రమే నాడులు దెబ్బతింటాయనుకోవడం పొరపాటు. వైరస్ వల్ల వచ్చినా, కారణం తెలియకుండా వచ్చినా దెబ్బతినవచ్చు. 1972లో లండన్ వైద్యులు దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉన్న 70 మందిని, ఏరుకోకుండా వరసగా పరీక్షించి, దాదాపు అయిదింట ఒకరికి నాడుల జబ్బు లక్షణాలు ఉన్నట్టు ప్రకటించారు. కొందరి కాలి నుంచి సన్నటి నరం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే నాడిని కప్పే మయలిన్ తొడుగు దెబ్బతిని కనిపించింది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో చాలావాటిలో తొడుగు కన్నా లోపలి తీగే, అంటే ఆక్సానే, ఎక్కువగా దెబ్బతిన్నట్టు తేలింది. ఎంతమందికి ఉంటుందన్న లెక్క పరీక్షను బట్టి మారుతుంది. అడిగి తెలుసుకుంటే తక్కువమంది, సుత్తి, శ్రుతిదండం పట్టుకుని చూస్తే ఇంకొందరు, యంత్రంతో చూస్తే మరింతమంది. వెదికేవాడి చేతిలో ఏముందన్నదాన్ని బట్టి జబ్బు పెరిగినట్టూ తగ్గినట్టూ కనిపిస్తుందన్నమాట.

ఇక మంచం పక్కన చేసే పరీక్షలు. వీటికయ్యే ఖర్చు దాదాపు శూన్యం. మొదటిది అడగడం. "తిమ్మిర్లున్నాయా?" అని అడిగితే మా ఊళ్ళో సగంమంది ఉన్నాయంటారు. అలా కాక "చెప్పు జారిపోతే తెలుస్తోందా?", "చీకట్లో గట్టు మీద నడవగలుగుతున్నావా?", "కళ్ళు మూసుకుని ముఖం మీద నీళ్ళు చల్లుకుంటుంటే తూలుతున్నావా?" అని అడగాలి. చివరి రెండూ ఎందుకంటే, కాలి కీళ్ళ నుంచి కబురు అందని మనిషి కళ్ళతో ఆ లోటు పూడ్చుకుంటాడు. చీకటి పడినా, కళ్ళు మూసినా ఆ ఆసరా పోతుంది. పెదనాన్న ఏడాదిగా తెల్లవారకుండా పొలానికి వెళ్ళడం మానేశాడు. బద్ధకమనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే అదీ ఇందులో భాగమే.

తర్వాత దూదితో తాకి చూడడం, మొన ఉన్నదీ మొద్దుదీ మార్చి మార్చి ఆనించి ఏది ఏదో చెప్పమనడం, చల్లటి లోహాన్ని తాకించడం. కళ్ళు మూయించి బొటనవేలిని పక్కల పట్టుకుని పైకో కిందికో కొద్దిగా కదిపి ఎటు కదిపామో అడగడం. 10 గ్రాముల బరువు ఆనగానే వంగే నైలాను పోగు ఒకటి ఉంది. చక్కెర రోగుల పాదాలకు వాడేది. అరికాలి మీద అది వంగేదాకా నొక్కినా తెలియలేదంటే ఆ పాదానికి రక్షణ పోయినట్టే. మడమ పైన వెనకవైపు తాడులా తగిలే స్నాయువు మీద రబ్బరు సుత్తితో తడితే పాదం కిందికి ఎగరాలి. ఈ ప్రతీకార చర్య ముందుగా పోయేవాటిలో ఒకటి. ముసలివాళ్ళలో జబ్బు లేకపోయినా ఇది తగ్గవచ్చునట, కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

శ్రుతిదండం గురించి కొంచెం ఎక్కువ రాయాలని ఉంది. ప్రయోగశాలలో మనం 512, 480 హెర్ట్జ్‌ల లాంటివి వాడతాం. వైద్యులు నాడులకు వాడేది 128 హెర్ట్జ్‌ది. పెద్ద పౌనఃపున్యపు దండం చెవికి బాగా వినిపిస్తుంది గాని వేలికి అదురు అంతగా తెలియదు, పైగా త్వరగా ఆగిపోతుంది. 128ది పొడుగ్గా, బరువుగా ఉండి, ఎముక మీద ఆనిస్తే చాలాసేపు అదురుతుంది. రోగి "ఆగింది" అన్న క్షణంలో దండాన్ని వైద్యుడు తన వేలి కణుపు మీద పెట్టుకుంటాడు. తనకింకా అదురు తెలుస్తుంటే రోగి నాడి అంతమేర వెనకబడిందన్నమాట. కొలమానం వైద్యుడి వేలే! కావాలని మోసం చేసే రోగిని పట్టుకోవడానికి మధ్యమధ్య మోగించని దండం కూడా ఆనిస్తారు. 1903 నుంచీ రిడెల్-సైఫర్ దండం అని ఒకటి ఉంది. దాని కొమ్ములకు బరువులు తగిలించి 64 హెర్ట్జ్‌కు తెచ్చి, అదురు తగ్గేకొద్దీ కలిసే త్రికోణాల గుర్తులతో 0 నుంచి 8 దాకా కొలత రాశారు. భౌతికశాస్త్రం వాళ్ళు ఒకసారి చూడదగ్గ వస్తువు.

కాలేయ రోగుల విషయంలో ఈ పరీక్షలకు ఒక పెద్ద ఇబ్బంది ఉంది. ఇవన్నీ రోగి జవాబు మీద ఆధారపడ్డవి. కాలేయం విరవలేని పదార్థాలు మెదడును కమ్మినప్పుడు మనిషి మగతగా ఉంటాడు, అడిగినదానికి ఆలస్యంగా చెబుతాడు, విసుక్కుంటాడు. చేతులు చాపి మణికట్లు పైకెత్తి ఉంచమంటే పక్షి రెక్క కొట్టుకున్నట్టు చేతులు పడి లేస్తుంటాయి. 1949లో ఆడమ్స్, ఫోలీ అనే అమెరికన్ వైద్యులు వర్ణించిన లక్షణమిది. అది మెదడుది గాని నాడిది కాదు. అలాంటి పూట దూది పరీక్ష చేసి "స్పర్శ లేదు" అని రాస్తే అది తప్పుడు రాత కావచ్చు. "మనిషే మగతగా ఉన్నాడు, కాళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అని వదిలేస్తే ఆ తర్వాత ఎప్పటికీ రాకపోవచ్చు. మెదడు తేరుకున్నాక మళ్ళీ చూడాలి.

ఇంకొక ఇబ్బంది, అన్నీ కాలేయం మీదకు నెట్టేయడం. పెద్దరోగం అనుమానాన్ని ఆ డాక్టరమ్మ కొట్టిపారేయలేదు, వెదికి చూసింది. కుష్ఠు మచ్చలు మచ్చలుగా స్పర్శ తీస్తుంది గాని రెండు పాదాలకూ మేజోడు తొడిగినట్టు సమంగా సాధారణంగా తీయదు. మోచేతి వెనక, మోకాలి పక్కన నరాలు లావెక్కి చేతికి తగులుతాయి. చీలమండ ప్రతీకార చర్య చాలావరకు నిలిచే ఉంటుంది. పెదనాన్నకు మచ్చలు లేవు, నరాలు లావెక్కలేదు, ప్రతీకార చర్య రెండు వైపులా పోయింది. ఇది విన్న మా పెద్దమ్మ ఆస్పత్రి వరండాలోనే ఏడ్చేసింది. రక్తంలో చక్కెర చూశారు. వాడుతున్న మందుల చీటీలన్నీ ముందేసుకుని చూశారు. కాలేయ రోగుల మగత తగ్గించడానికి ఒక్కోసారి ఇచ్చే మెట్రోనిడజోల్ అనే మందును చాలాకాలం వాడితే అదే నాడులను పాడుచేస్తుంది. పైగా ఆ మందును విరిచేది కాలేయమే. కాలేయం మందగిస్తే ఒంట్లో అది ఎక్కువసేపు నిలుస్తుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ సంగతీ ఇలాంటిదే, దానికి బి6 తోడివ్వాలి.

బి12 గురించి చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. శరీరంలోని బి12 నిల్వలో పెద్దభాగం కాలేయంలో ఉంటుంది. కాలేయ కణాలు పగిలినప్పుడు అది రక్తంలోకి వస్తుంది. అంచేత రక్తపరీక్షలో బి12 దండిగా ఉన్నట్టు కనిపించినా కణజాలాలకు అందేది తక్కువ కావచ్చు. గాదె పగిలి ధాన్యం వీధిలో పోస్తే ఊరు సుభిక్షంగా ఉందనుకున్నట్టు! కాలేయానికీ రక్తహీనతకూ ఉన్న సంబంధం మీద పనిచేసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బి12 లోపం ఉన్నవాడికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం మెరుగవుతుంది గాని నాడుల నష్టం లోపల సాగుతూనే ఉంటుందని తర్వాత తేలింది. రక్తం బాగుపడింది కదా అని నాడులను మరిచిపోకూడదని ఈ మందు చరిత్రే చెబుతోంది.

ఇప్పుడు యంత్రం దగ్గరకు వద్దాం. నాడీ ప్రచోదనం ఎంత వేగంతో పోతుందో కొలవడం మనిషికి సాధ్యం కాదని 19వ శతాబ్దపు గొప్ప శరీరధర్మ శాస్త్రజ్ఞుడు యొహానెస్ ముల్లర్ భావించాడు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప కాలి నాడితో కొలిచి చూపించాడు. మన అనునాద ప్రయోగాల వెనకా ఉన్న హెల్మ్‌హోల్ట్జే. ఉపాయం చాలా తేలిక. నాడిని కండరానికి దగ్గరగా ఒకచోట, దూరంగా ఇంకొకచోట విద్యుత్తుతో ప్రేరేపించాడు. కండరం ముడుచుకోవడానికి పట్టిన రెండు కాలాల తేడా తీశాడు. కండరం చేసుకునే ఆలస్యం రెండిటిలోనూ ఒకటే గనక అది కొట్టుకుపోతుంది. రెండు చోట్ల మధ్య దూరాన్ని ఆ తేడాతో భాగిస్తే వేగం. సెకనుకు సుమారు 27 మీటర్లు వచ్చింది. మా లెక్చరర్లు చదువుకున్న రోజుల్లో కప్ప కండరం, నాడి అమర్చి పొగబట్టిన డ్రమ్ము మీద గీతలు తీసేవారట. ఇప్పుడు మాకు ఆ కప్పలు లేవు. ఈ రోజు ఆస్పత్రిలో చలన నాడికి చేసే పరీక్ష సరిగ్గా ఇదే. కప్ప బదులు మనిషి, డ్రమ్ము బదులు కంప్యూటరు తెర, అంతే తేడా.

కాలేయ రోగుల్లో ముఖ్యంగా చూడవలసింది సూరల్ నాడి. ఇది పిక్క వెనక నుంచి దిగి బయటి చీలమండ వెనకగా పాదం అంచుకు పోయే స్పర్శ నాడి. బయటి చీలమండ వెనక అతికించిన విద్యుద్వారం నుంచి 14 సెంటీమీటర్లు పైన, పిక్క మీద చిన్న షాకు ఇస్తారు. తెర మీద చిన్న అల లేస్తుంది. 14 సెంటీమీటర్లకు 2.8 మిల్లీసెకన్లు పడితే వేగం సెకనుకు 50 మీటర్లు; 3.5 పడితే 40. అల ఎత్తు మైక్రోవోల్టులలో, అంటే వోల్టులో పదిలక్షల వంతులలో ఉంటుంది. తొడుగు పాడైతే వేగం పడిపోతుంది. లోపలి తీగలు చచ్చిపోతే మిగిలిన తీగలు మామూలు వేగంతోనే మోస్తాయి గాని అల ఎత్తు తగ్గుతుంది. పదిమంది లాగే తాడును నలుగురే లాగుతున్నట్టు. అంచేత "వేగం బాగానే ఉంది" అన్న ఒక్క మాటతో ఇంటికి పంపకూడదు, ఎత్తు చూడాలి.

పెదనాన్నకు మొదటిసారి చేసినప్పుడు అలే రాలేదు. నాడి పూర్తిగా పోయిందనుకుని నా గుండె జారింది. టెక్నీషియన్ మాత్రం "కాళ్ళు వాచి ఉన్నాయి తమ్ముడూ, నీరు తీశాక మళ్ళీ రండి" అన్నాడు. కాలేయ రోగి కాలిలో నీరు చేరితే చర్మానికీ నాడికీ మధ్య దూరం పెరుగుతుంది. అంత చిన్న సంకేతం పైకి చేరేలోపే ఆరిపోతుంది. లేని జబ్బు ఉన్నట్టు, కొంచెం ఉన్నది ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో మోసం చలి. చర్మం ఒక్క డిగ్రీ చల్లబడితే నాడీ వేగం సెకనుకు దాదాపు రెండు మీటర్లు తగ్గుతుంది. అందుకే పాదం కనీసం 30 డిగ్రీల పైన ఉండేట్టు వెచ్చబెట్టి చేస్తారు. ఆ గదిలో ఏ.సి. చల్లగా వేస్తోంది. రెండోసారి వెళ్ళినప్పుడు టెక్నీషియన్ వేడినీళ్ళ సంచి తెచ్చి, ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుని అప్పుడు పెదనాన్న కాలికి పెట్టాడు. వేడి తెలియని కాలికి వేడి పెట్టేటప్పుడు చేయవలసిన పని అది. ఆ రోజు కుడి కాలిలో 3 మైక్రోవోల్టుల అల వచ్చింది. తక్కువే, కాని సున్న కాదు.

కండరంలోకి సూది దించి చేసే పరీక్షను ఆయనకు వద్దన్నారు. రక్తం గడ్డకట్టే మాంసకృత్తులు తయారుచేసేది కాలేయమే. సిర్రోసిస్‌లో ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి. నరం ముక్క కోసి చూడడం ఇంకా దూరం. యంత్రానికి దొరకనిది కూడా ఒకటుంది: నొప్పి, వేడి మోసే సన్నటి నాడులు. యంత్రం చూసేది లావుపాటి నాడులనే. అరికాళ్ళు మండిపోతున్నా కాగితం మీద అంతా మామూలుగా రావచ్చు. అటువంటివారికి చీలమండ పైన 3 మిల్లీమీటర్ల చర్మం తీసి అందులో నాడీ కొసలు లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. మంట చెబుతున్న రోగిని "అంతా భ్రమ" అనడం అన్యాయం.

మన ప్రమేయం లేకుండా గుండెను, రక్తపోటును నడిపే స్వయంచోదిత నాడులు కూడా దెబ్బతింటాయి. నిమిషానికి ఆరుసార్లు చొప్పున గట్టిగా ఊపిరి తీయించి వదిలిస్తూ ఇ.సి.జి. తీస్తే, ఆరోగ్యవంతుడికి ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరిగి వదిలినప్పుడు తగ్గుతుంది. ఆ తేడా 15 దాటితే మంచిది, 10కి దిగితే అనుమానం. పడుకోబెట్టి, నిలబెట్టి రక్తపోటు చూడడం మరొకటి. సిర్రోసిస్ రోగుల్లో ఈ నాడులు దెబ్బతిన్నవారు మిగతావారికన్నా త్వరగా చనిపోతున్నారని 1992లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండు వైద్యులు ప్రకటించారు. కాబట్టి ఇది కాలి తిమ్మిరితో పోయే విషయం కాదు. ఇక్కడా ఒక మోసం ఉంది. అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగలకుండా చాలామంది ప్రొప్రనలాల్ వాడుతుంటారు. ఆ మందే గుండె వేగాన్ని అదుపు చేస్తుంది. పరీక్ష కోసమని రోగి తనంతట తాను ఆ మాత్ర మానేస్తే రక్తం కక్కుకునే ప్రమాదం ఉంది. వాడుతున్నానని చెబితే చాలు, ఏం చేయాలో వైద్యులే చూసుకుంటారు.

తెలుసుకుని ఏం చేస్తామని మా నాన్న అడిగాడు. సబబైన ప్రశ్నే. చచ్చిన నాడిని బతికించే మందు లేదు. విటమిన్ లోటుంటే పూడ్చవచ్చు, కారణమయ్యే మందు మార్చవచ్చు, చక్కెర అదుపు చేయవచ్చు, తాగేవాడు మానవచ్చు, వైరస్‌కు మందు వాడవచ్చు. కాలేయం మార్పిడి జరిగినవారిలో కొందరికి నాడులు కొంత తేరుకున్నట్టు చదివాను. ఇవేవీ కుదరకపోయినా పాదాన్ని కాపాడుకోవచ్చు. కాలేయం చెడినవాడి కాలికి పుండు పడి చీము పడితే ఆ చీమే ప్రాణం మీదకు తెస్తుంది. పెదనాన్న బొటనవేలి పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

ఇప్పుడాయన వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటున్నాడు. దమ్ములో దిగడం మానేశాడు. గట్టు మీద నిలబడి మా నాన్న మీద కేకలేస్తుంటాడు. రాత్రి కాళ్ళు కడిగి తుడుచుకున్నాక పెద్దమ్మ లైటు కింద ఆయన అరికాళ్ళు, వేళ్ళ సందులు చూస్తుంది. స్నానానికి నీళ్ళు కాగాక ముందు ఆమె చెయ్యి పెట్టి చూసి అప్పుడు పిలుస్తుంది. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా, మా లెక్చరరు గారు ఇప్పించిన పాత శ్రుతిదండం ఒకటి ఆయన చీలమండ మీద పెడతాను. అది 256ది, ఈ పనికి సరైనది కాదు. అయినా పెదనాన్న కళ్ళు మూసుకుని శ్రద్ధగా కూర్చుంటాడు. బొటనవేలి మీద పెడితే తల అడ్డంగా ఊపుతాడు, మోకాలి చిప్ప మీద పెట్టగానే "ఆఁ, ఇదిగో, అదురుతోంది" అంటాడు.

పోయిన నెల మళ్ళీ యంత్రం పరీక్ష చేయించాం. కుడి కాలిలో అల 3 మైక్రోవోల్టులే వచ్చింది. ఏడాది కిందటా 3. డాక్టరమ్మ ఆ అంకె కింద గీత గీసి, "తగ్గలేదు పెద్దాయనా, మళ్ళీ ఆరు నెలలకు రండి" అంది.